మంచుమొక్కలూ ఇంగ్లండు వానలూ

కంపెనీ పనిమీద లండన్‌లో ఉన్న ఏడాది, ఏప్రిల్లో ఒక ఆదివారం క్యూ గార్డెన్స్‌కి వెళ్ళాను. అక్కడ 2006లో తెరిచిన చిన్న గాజు ఇల్లొకటుంది, డేవిస్ ఆల్పైన్ హౌస్ అని. గాజు ఇల్లంటే చలిదేశంలో వేడిదేశపు మొక్కల్ని కాపాడేదని అప్పటిదాకా నా అభిప్రాయం. ఇది సరిగ్గా దానికి తిరగేసి కట్టింది. నేల కింద కాంక్రీటు దారుల్లో గాలిని తిప్పి, చల్లార్చి, మొక్కల మీదికి వదులుతారు. లోపల బొటనవేలంత మొక్కలు, ఆకు కనపడనంతగా పూలు. లండన్ చలి కూడా చాలదా వీటికి, అనుకున్నాను.

తర్వాత చదివితే తెలిసింది, అసలు గొడవ తడితో అని. ఆల్ప్స్ కొండల్లో చెట్లు ఆగిపోయే ఎత్తు దాటాక పెరిగే ఈ మొక్కలు నెలల తరబడి మంచు కింద నిద్రపోతాయి. మంచే వాటికి దుప్పటి. పైన గాలి సున్నాకి ఇరవై డిగ్రీలు కిందికి పోయినా లోపల సున్నాకి దగ్గర్లోనే ఉంటుంది, పైగా పొడిగా ఉంటుంది. వసంతంలో మంచు కరిగాక ఆ నీరు రాళ్ళ సందుల్లోంచి ఎక్కడా నిలవకుండా జారిపోతుంది. ఇంగ్లండులో మంచు ఇలా వచ్చి అలా పోతుంది. మిగతా రోజులన్నీ సన్నటి వాన. చలికాలమంతా తడిమట్టిలో కూచున్న మొక్క మొదలు దగ్గర కుళ్ళిపోతుంది. కూకట్‌పల్లి బాల్కనీలో కాక్టస్ చచ్చిపోయేది కూడా ఎండకి కాదు కదా, మనం ప్రేమగా పోసే నీళ్ళకి.

ఇంగ్లీషువాళ్ళు మాత్రం చాలాకాలం రాళ్ళ మోజులోనే ఉండిపోయారు. 1773లో చెల్సీ ఫిజిక్ గార్డెన్‌లో కట్టిన రాళ్ళగుట్టకి లండన్ టవర్ పాతరాళ్ళూ, జోసెఫ్ బ్యాంక్స్ ఓడలో బరువుకోసం వేసుకొచ్చిన ఐస్‌లాండు లావారాళ్ళూ వాడారు. 1864లో ఇన్స్‌బ్రుక్‌లో కెర్నర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఈ మొక్కల పెంపకం మీదే పుస్తకం వేశాడు. 1870లో విలియం రాబిన్సన్, మామూలు ఇంగ్లీషు తోటల్లోనూ వీటిని పెంచవచ్చని ఇంకో పుస్తకం రాశాడు. అయినా డబ్బున్నవాళ్ళు కొండ బొమ్మలే కట్టించుకున్నారు. వాళ్ళలో ఘనుడు సర్ ఫ్రాంక్ క్రిస్ప్, కంపెనీల లాయరు. హెన్లీ దగ్గర తన ఫ్రయర్ పార్క్‌లో వేల టన్నుల రాళ్ళతో మాటర్‌హార్న్ శిఖరానికి నకలు కట్టించి, దానిమీద ఇనప కొండమేకల్ని నిలబెట్టాడు. (1970లో ఆ ఎస్టేట్ కొన్నది బీటిల్స్ జార్జ్ హారిసన్. క్రిస్ప్ మీద పాట కూడా కట్టాడు.) మా భాషలో చెప్పాలంటే అందరూ బగ్‌ని తప్పు ఫైల్లో వెతుకుతున్నారు.

వీళ్ళందరినీ ఏకిపారేసినవాడు రెజినాల్డ్ ఫారర్. 1880లో పుట్టాడు. గ్రహణమొర్రితో పుట్టడంవల్ల చిన్నప్పుడంతా ఆపరేషన్లు. మాట జనానికి అర్థమయ్యేది కాదు, చదువు ఇంట్లోనే. యార్క్‌షర్‌లో ఇంటి చుట్టూ ఉన్న సున్నపురాతి కొండల్లో ఒక్కడే తిరిగేవాడు. పద్నాలుగేళ్ళకే ఒక పాత క్వారీలో తన మొదటి రాళ్ళతోట వేశాడు. పడవలో కూచుని, ఎదురుగా ఉన్న కొండగోడ మీదికి తుపాకీతో విత్తనాలు పేల్చాడని కూడా చెప్పుకుంటారు. 1907లో వచ్చిన ‘మై రాక్ గార్డెన్’లో, మట్టిగుట్టలో రాళ్ళు నిలువునా గుచ్చిన తోటల్ని బాదంపప్పులు గుచ్చిన పుడ్డింగ్‌తో పోల్చాడు, ఇంకో రకాన్ని కుక్క సమాధి అన్నాడు. మాట పెగలని మనిషి రాతలో ఇంత గట్టిగా అరవడం నాకు చాలా నచ్చింది. అతని వాదం సులువు: రాయి అందానికి కాదు, వేరుకి చల్లదనం ఇవ్వడానికి. నీరు కావాలి, కానీ నిలవకూడదు. మట్టి కొంచెం, రాతిచిప్స్ ఎక్కువగా ఉన్న మడి కట్టు. మొక్క మెడ చుట్టూ కంకర పరువు. అంతే.

1914లో స్నేహితుడు బౌల్స్ పుస్తకానికి ముందుమాట రాస్తూ, తోటల్ని నగల్లా కొనుక్కునే ధనవంతుల్ని ఉతికి ఆరేశాడు. క్రిస్ప్ అది తననే అనుకున్నాడు, అన్నది బౌల్స్ అనుకున్నాడు! కోపంతో ఒక కరపత్రం అచ్చేయిస్తే, దాన్ని ఎలెన్ విల్‌మాట్ అనే పేరున్న తోటమాలి చెల్సీ పూల ప్రదర్శనలో పంచిపెట్టింది. మెత్తటి మనిషి బౌల్స్ మధ్యలో నలిగిపోయాడు. న్యాయం ఫారర్ వైపే అని నేననుకుంటాను గానీ, అతనూ ఎస్టేటున్న ఇంటి కొడుకే అని మర్చిపోకూడదు.

ఆ గొడవ జరిగేటప్పటికి ఫారర్ చైనాలోని గాన్సు కొండల దారిలో ఉన్నాడు. వెంట ఉన్నది విలియం పర్డమ్, అతనూ 1880లోనే పుట్టినవాడు. క్యూలో పని నేర్చిన తోటమాలి, చైనా దారులు తెలిసిన మనిషి. ఆ ప్రయాణంలో దొరికిన ఆకాశనీలం జెన్షియన్ ఈరోజుకీ ‘జెన్షియానా ఫారరి’. సువాసన పూల వైబర్నమ్ విత్తనాలు అంతకు ముందే ఇంగ్లండుకి పంపినవాడు పర్డమ్, అయినా దానికీ ‘ఫారరి’ అనే పేరొచ్చింది. పేర్లు పెట్టేవాళ్ళు పుస్తకాలు రాసినవాళ్ళనే గుర్తుంచుకున్నారేమో. పర్డమ్ 1921లో బీజింగ్‌లో పోయాడు.

యుద్ధంవల్ల ఆగిన ఫారర్ పెద్ద పుస్తకం ‘ది ఇంగ్లిష్ రాక్ గార్డెన్’ రెండు సంపుటాలుగా 1919లో వచ్చింది. అక్షరక్రమంలో మొక్కల పట్టిక అది, కానీ ఒక్కో మొక్కనీ ఊళ్ళో మనిషిలా పొగుడుతూ, తిడుతూ పోతుంది. పుస్తకం వచ్చేనాటికి అతను ఎగువ బర్మాలో ఉన్నాడు. మరుసటి ఏడు తోడువచ్చిన కాక్స్ లేకుండా ఒక్కడే, ఎడతెగని వానలో. ఆ కొండల మొక్కలు వేసవంతా వానలో తడుస్తాయి, చలికాలమంతా మంచు కింద పొడిగా ఉంటాయి. ఇంగ్లండు వాటికి ఇవ్వలేనిది ఆ రెండోదే. అతను పంపినవాటిలో చాలామటుకు అక్కడి తోటల్లో నిలబడలేదు. తడి గురించి అందరికీ పాఠం చెప్పినవాడు ఆ విత్తనాలు ఏరుతున్నప్పుడు ఏమనుకున్నాడో! 1920 అక్టోబరు 17న, నలభై ఏళ్ళకి, ఆ సరిహద్దు కొండల్లోనే జబ్బుచేసి చనిపోయాడు.

జెన్షియన్ మాత్రం నిలిచింది. నేను క్యూకి వెళ్ళింది ఏప్రిల్లో కదా, అది పూసేది ఆకులు రాలే కాలంలో.