గొంజో

1970 మే నెల. అమెరికాలోని లూయీవిల్‌లో కెంటకీ డెర్బీ గుర్రప్పందెం. ఆ ఊళ్లోనే పుట్టిన హంటర్ థాంప్సన్ వార్త రాయడానికి వెళ్లి, గుర్రాలను వదిలేసి, తాగి తూలే పెద్దమనుషుల మీద పడ్డాడు. గడువు ముంచుకొచ్చినా వ్యాసం కుదరలేదు. నోటుపుస్తకంలో గీకిన పేజీలే చించి, అంకెలు వేసి ‘స్కాన్లన్స్ మంత్లీ’ పత్రికకి పంపేశాడు.

అది చదివి, గొంజో అంటే ఇదీ అన్నాడు బోస్టన్ విలేకరి బిల్ కార్డోసో. ఆ మాటకు రాత్రంతా తాగినా చివరిదాకా నిలబడ్డవాడని దక్షిణ బోస్టన్ ఐరిష్ వాళ్ల వాడుకట. కానీ ఆ మాట అంతకుముందే ఉంది: పియానో వాద్యకారుడు జేమ్స్ బుకర్ 1960లోనే ‘గొంజో’ పేరుతో రికార్డు తెచ్చాడు మరి!

ఈ గొంజో తీరులో విలేకరి తానే పాత్రయి, నోటికొచ్చినట్టు తిడుతూ రాస్తే ప్రయోజనమేమిటి? తటస్థంగా రాసే వార్తల కళ్లుగప్పే మాజీ అధ్యక్షుడు నిక్సన్ వైట్‌హౌస్‌లో దూరాడని 1994లో, నిక్సన్ పోయాక, థాంప్సన్ రాశాడు. కొట్టిపారేయలేని మాటే.

కానీ 1972 అధ్యక్ష ఎన్నికలప్పుడు, అభ్యర్థిత్వం ఆశిస్తున్న ఎడ్మండ్ మస్కీ ఐబోగెయిన్ అనే మత్తుమందు వాడుతున్నాడని పుకారు ఉన్నట్టు రాసిందీ ఇతనే. పుకారైతే ఉంది, పుట్టించింది మాత్రం తానేనని తర్వాత తాపీగా ఒప్పుకున్నాడు.