తూర్పు కనుమల గెడ్డల్లో చేపల వేట: ఎరలు, పద్ధతులు

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకులోయ, పాడేరు మన్యాల్లోను, వాటిని ఆనుకుని ఒడిశా వైపు సాగే కొండల్లోను మంచినీటి చేపలు పట్టే తీరు, అందుకు వాడే ఎరలు ఈ వ్యాస విషయం. ఉత్తరాంధ్రలో కొండవాగును గెడ్డ అంటారు. పాడేరు కొండల నీటిని పోగుచేసుకుని మాచ్‌ఖండ్ నదిగా మారే ప్రవాహానికి ఇక్కడివారు పెట్టుకున్న పేరు మత్స్యగెడ్డ. ఈ కొండల్లో కోదులు మాట్లాడే కువి భాషలోనూ చేపను ‘మీను’ అనే అంటారు. భగత, కొండదొర, వాల్మీకి, గదబ, పోర్జా, కోటియా తదితర తెగలున్న ఈ మన్యంలో చేపల వేటకంటూ ప్రత్యేకంగా ఒక కులం లేదు. వ్యవసాయం చేసుకునే ఇంట్లోనే వెదురు బుట్ట, గాలం ఉంటాయి. పొలం పని, అడవి పని, చేపల వేట ఒకే రోజులో కలిసిపోతాయి.

నీళ్లు, చేపలు

అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. శారద కూడా ఈ కొండల్లోనే పుట్టి తూర్పుగా పోతుంది. మత్స్యగెడ్డ నీటిదారి వేరు. జోలాపుట్ జలాశయంలో చేరి, డుడుమ జలపాతం దూకి, సీలేరుగా పేరు మార్చుకుని శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరికి చేరుతుంది. కాబట్టి ఒక కొండకు ఈవల, ఆవల ఉన్న రెండు గెడ్డల చేపలు రెండు వేర్వేరు నదీ కుటుంబాలవి కావచ్చు.

వేటగాడికి మాత్రం నది పేరు కన్నా నీటి నడక ముఖ్యం. డుంబ్రిగుడ దగ్గరి చాపరాయిలో లాగా బండల మీద పల్చగా, వేగంగా జారే నీటిలో ఉండే చేపలు చిన్నవి. కొన్నింటికి నోటి కింద అతుకు బిళ్ల లాంటి భాగం ఉంటుంది. దానితో రాతిని పట్టుకుని, రాతిమీది నాచును గీకి తింటాయి. ప్రవాహానికి తగ్గట్టు చేప శరీరం ఎలా మారుతుందో లోతుగా పరిశీలించిన శాస్త్రవేత్త సుందర్ లాల్ హోరా. భారత జంతు సర్వేక్షణ సంస్థకు సంచాలకుడిగా పనిచేసిన ఆయన, కొండవాగుల జీవుల మీద రాసిన పెద్ద పరిశోధన వ్యాసం 1930లో వెలువడింది.

గెడ్డ వంపు తిరిగి లోతుపడ్డ చోట మడుగు ఏర్పడుతుంది. పరిగెలు, జెల్లలు, బొమ్మిడాయిలు, వాలుగలు ఉండేది అక్కడ. కొండవాలులో మెట్లుగా కట్టిన వరి మడులది మరో లోకం. బురదలో కూడా బతకగల కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి అక్కడికి చేరతాయి. ఈ నాలుగూ మొప్పలతో పాటు పైగాలిని కూడా పీల్చుకోగలవు. జలాశయాల్లో బొచ్చె, శీలావతి, మోసు, బంగారుతీగ వంటివి మత్స్యశాఖ వదిలిన పిల్లల నుంచి పెరిగినవి. బంగారుతీగ, తిలాపియా మన దేశపు చేపలు కావు. తిలాపియా మన దేశానికి వచ్చింది 1952లో.

ఎర

పల్లెల్లో వానపామును ‘ఎర్ర’ అని కూడా అంటారు. ఎర అనగానే మొదట గుర్తొచ్చేదీ అదే. అరటి మొదళ్ల దగ్గర, పేడకుప్ప అడుగున, గెడ్డ ఒడ్డు తడిమట్టిలో తవ్వితే దొరుకుతుంది. తడిమట్టి, ఆకులు వేసిన కొబ్బరిచిప్పలోనో డొప్పలోనో పెట్టుకుంటే పూటంతా బతుకుతుంది. బతికుండటం ముఖ్యం, ఎందుకంటే కదలికను చూసి వచ్చే చేప కన్నా కదలికను నీటిలో పసిగట్టి వచ్చే చేపలు ఎక్కువ. మార్పు, జెల్ల, ఇంగిలాయి మీసాలతో వాసనను, రుచిని తెలుసుకుంటాయి. అవి చీకటి పడ్డాక మేతకు కదులుతాయి. వాటి కోసం వానపామును ముక్కలు చేసి గుచ్చుతారు. తెగిన చోట నుంచి రసం నీటిలో కలిసి చేపను దగ్గరికి లాగుతుంది. పరిగెలకు చిన్న ముక్క చాలు. పెద్ద ముక్క వేస్తే అంచులు కొరుక్కుని పోతాయి.

పిండి ఎరల్లో ఈ ప్రాంతానికి సొంతమైనది చోడి. అంబలి కాచుకునే చోడిపిండినే ముద్దగా కలిపి, శనగగింజంత ఉండ చేసి గాలానికి అద్దుతారు. మరీ మెత్తగా కలిపితే నీటిలో కరిగిపోతుంది, గట్టిగా కలిపితే చేప నోట్లోంచి ఉమ్మేస్తుంది. వరి తవుడు, ఉడికిన అన్నం, నూనె తీసిన తెలికపిండి కూడా పనికొస్తాయి. జలాశయంలో శీలావతికి, బంగారుతీగకు ఇలాంటి పిండి ఎరలే సరి. బొచ్చె నీటి పైభాగాన, శీలావతి నడుమ, మోసు అడుగున మేస్తాయి కనుక, ఒకే ముద్దను ఎంత లోతున ఆపామన్న దాన్ని బట్టి పడే చేప మారుతుంది.

అడవి ఇచ్చే ఎరలు మరికొన్ని. చెట్ల ఆకులను కుట్టి గూడు కట్టే ఎర్రచీమల గుడ్లు పరిగెలకు మంచి ఎర. ఈ గుడ్లను మనుషులూ పచ్చడి చేసుకుంటారు కాబట్టి ఎరకు మిగిలేది తక్కువే. తొలకరి వానకు పుట్టల్లోంచి ఉసిళ్లు లేచిన సాయంత్రం చేపలు నీటి మీదికి వచ్చి మేస్తాయి. ఆ పూట మిడతనో ఉసిలినో బరువు లేకుండా నీటిపై తేల్చితే చాలు. కుళ్లిన చెట్టు మొద్దుల్లోని పురుగు, గెడ్డ రాళ్ల కింద దొరికే చిన్న రొయ్య, పీత ముక్క కూడా వాడతారు.

కొర్రమీనుకు మాత్రం చచ్చిన ఎర పనికిరాదు. అది వేటాడి తినే చేప. చిన్న కప్పనో పరిగెనో వీపు తోలుకు గాలం గుచ్చి, ఈదగలిగేలా వదులుతారు. నీటి అంచున గడ్డిలో కప్ప కదిలితే మీను ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. పిల్లలు ఎర్రటి గుంపుగా నీటి పైన తిరుగుతుంటే తల్లిదండ్రులు కింద కాపలా కాస్తుంటాయి. ఆ గుంపు మీదికి ఎర వేస్తే తల్లి చేప తప్పకుండా కొడుతుంది. కానీ ఆ ఒక్క చేపను పట్టడమంటే ఆ పిల్లలన్నిటినీ పరిగెలకు, జెల్లలకు అప్పగించడమే. ఎర్రగుంపు కనిపించిన చోట గాలం వేయకపోవడమే సరైన వేట.

ఎరను చేపను బట్టి ఎంచాలన్న ఆలోచన మన దేశంలో ఎప్పుడో పుస్తకానికి ఎక్కింది. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో రాయించిన సంస్కృత గ్రంథం ‘మానసోల్లాసం’లో మత్స్యవినోదం ఒక భాగం. చేపల రకాలు, వాటికి పెట్టే మేత, గాలంతో పట్టే విధానం అందులో ఉన్నాయి. ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ గాలపు వేట మీద పుస్తకం అచ్చువేసింది 1653లో, అంటే అయిదు వందల ఏళ్ల తర్వాత. మానసోల్లాసంలోని ఈ భాగాన్ని ఆధునిక మత్స్యశాస్త్రం కంటితో చదివి వ్యాఖ్యానించినవాడూ పైన చెప్పిన హోరాయే.

గాలం

సన్నని వెదురు కర్ర, దాని పొడవుకు కొంచెం తక్కువగా నైలాన్ దారం, బెండు, చిన్న సీసపు ముక్క, ముల్లు. సరంజామా ఇంతే. బెండు ఎంత లోతున కట్టాలన్నదే నేర్పు. మడుగులో అడుగుకు జానెడు పైన ఎర ఆగాలి. ప్రవాహంలోనైతే పైనుంచి వదిలి, నీటితో పాటు దిగనిచ్చి, బండ వెనక నీరు సుడి తిరిగి నెమ్మదించే చోటికి చేర్చాలి. చేప ప్రవాహానికి ఎదురుగా తలపెట్టి నిలబడి, కొట్టుకొచ్చే మేత కోసం ఎదురుచూస్తుంటుంది. కాబట్టి దిగువన నిలబడ్డ మనిషి దానికి కనిపించడు. నీడ నీటి మీద పడకుండా నిలబడాలి. బండ మీద అడుగు చప్పుడు చేసినా చేప చెదురుతుంది.

శీతకాలంలో అరకు కొండల్లో తెల్లవారుజామున చలి ఎముకలు కొరుకుతుంది. చేప ఒంటి వేడి నీటి వేడితో పాటే తగ్గుతుంది, ఆకలి మందగిస్తుంది. ఆ నెలల్లో ఉదయం వేట దండగ. ఎండ పడి పైనీరు వెచ్చబడ్డ మధ్యాహ్నం ఎర తాకుతుంది. వేసవిలో ఇది తిరగబడి, పొద్దున, సాయంత్రం మాత్రమే. కాస్త మసకబారిన నీరు వానాకాలపు గాలానికి మంచిది. పూర్తిగా ఎర్రబడ్డ నీటిలో ఎర చేపకు కనిపించదు.

బుట్ట, మావు, కట్ట

ఇంటి కూరకు సరిపడా చేపలు తెచ్చేవి గాలం కన్నా వెదురు పనిముట్లే. వాటిని వాడేది ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు. అందుకే వాళ్లు చేసే వేటే ఎక్కువ, అయినా దానికి దక్కే పేరు తక్కువ. పైనా కిందా తెరిచి ఉండే గంప లాంటి ఊతను మోకాటిలోతు నీటిలో టక్కున అదిమి, పై కంతలోంచి చేయి పెట్టి చేపను తీస్తారు. బురద మడుల్లో కొర్రమీనుకు, మార్పుకు ఇది బాగా పనిచేస్తుంది. చేయి పెట్టేటప్పుడు ఇంగిలాయి ముల్లును చూసుకోవాలి. దానికి విషం ఉంది, గుచ్చుకుంటే గంటల తరబడి సలుపు.

మావు అంటే వెదురు బద్దలతో అల్లిన పొడవాటి బోను. పేరు ఊరూరికీ కాస్త మారుతుంది కానీ పని ఒకటే. నోటి దగ్గర బద్దల మొనలు లోపలికి వంగి గరాటులా ఉంటాయి. లోనికి పోయే చేపకు అవి దారి ఇస్తాయి, తిరిగి వచ్చేదానికి గుచ్చుకుంటాయి. దీనికి ఎర అక్కర్లేదు. చేప నడక తెలిస్తే చాలు. జూన్‌లో తొలి వానలకు కొత్తనీరు తగలగానే చేపలు గుడ్లు పెట్టడానికి గెడ్డల్లోంచి పొలాల వైపు ఎదురెక్కుతాయి. అప్పుడు మావు నోరు దిగువకు ఉండాలి. అక్టోబరు, నవంబరుల్లో మడుల నీరు తీసేటప్పుడు పెరిగిన పిల్లలతో సహా కిందికి దిగుతాయి. అప్పుడు నోరు ఎగువకు. ఎదురెక్కే చేపను మొదటి వారమే ఊడ్చేస్తే దిగే కాలానికి దిగేవి ఉండవు. ఎక్కేటప్పుడు కొంత వదిలి, దిగేటప్పుడు పట్టుకోవడం మేలు.

వేసవిలో గెడ్డ రెండు పాయలైన చోట ఒక పాయను రాళ్లు, మట్టి, కొమ్మలతో అడ్డుకట్టి నీటిని రెండో పాయకు మళ్లిస్తారు. ఎండిన పాయ గుంటల్లో మిగిలిన నీటిని తోడి, రాళ్లు ఎత్తి చేతులతో ఏరుకుంటారు. నాచు గీకి తినే బండచేపకు ఏ ఎరా పట్టదు కాబట్టి దాన్ని పట్టే దారుల్లో ఇదొకటి. అయిన వెంటనే కట్ట తీసెయ్యాలి. మర్చిపోతే రాళ్ల కింద గుడ్లు, పురుగులు మాడిపోయి ఆ పాయ మరుసటి ఏటికి గొడ్డుపోతుంది.

జోలాపుట్ లాంటి జలాశయాల్లో నాటు పడవ మీంచి కట్టువల, ఒడ్డు నుంచి విసురువల వాడుక. వాటి పద్ధతి మైదానంలో ఉన్నదే.

మత్తు

వేసవి మడుగులో మొక్కల రసం కలిపి చేపను మత్తెక్కించడం ప్రపంచమంతటా అడవి ప్రజలకు తెలిసిన విద్య. అమెజాన్ ప్రాంతంలో అందుకు తీగల వేళ్లు దంచుతారు, వాటిలో ఉండేది రోటెనోన్. మన కనుమల్లో మంగకాయ, కుంకుడు, ఇప్పపిండి లాంటివి. వీటిలోని సాపోనిన్లు నురగనిచ్చే పదార్థాలు. మొప్పల గుండా నెత్తురులోకి పోయి ఎర్రకణాలను పగలగొడతాయి, చేపకు ఊపిరాడదు. ఇప్పగింజల నూనె తీశాక మిగిలే పిండిలో ఇవి 4 నుంచి 6 శాతం ఉంటాయి. ఈ గుణాన్నే చేపల చెరువుల సాగు కూడా స్వీకరించింది. కొత్త పిల్లలు వదిలే ముందు కలుపు చేపలను తీసేయడానికి మీటరు లోతున్న హెక్టారు చెరువుకు సుమారు 2500 కిలోల ఇప్పపిండి వేస్తారు. రెండు మూడు వారాలకు విషం విరిగి, పిండి ఎరువుగా మారుతుంది.

చెరువుకు నాలుగు గట్లుంటాయి, గెడ్డకు ఉండవు. పై ఊరివాళ్లు కలిపినది కింది ఊరివాళ్ల మడుగులోకి, తాగే నీటిలోకి పోతుంది. పెద్ద చేపతో పాటు వేలెడు పిల్లా పోతుంది. అయినా పాత పద్ధతిలో దంచే శ్రమ, దొరికే కాయల లెక్క కొంత అడ్డు పెట్టేవి. ఇప్పుడు ఆ అడ్డు తొలగిపోయింది. బ్లీచింగ్ పౌడరు, పురుగుమందు, తూటాలు, కరెంటు తీగ. తూటా పేలిన మడుగులో తేలేది కొన్నే, అడుగున మునిగి కుళ్లేవి అనేకం. చేతులు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. దీన్ని వేట అనడం తప్పు.

హద్దులు

హుకుంపేట మండలంలో మత్స్యగెడ్డ ఒడ్డునే మత్స్యగుండం ఉంది. మత్స్యలింగేశ్వరుడి సన్నిధి కావడంతో అక్కడి గుండంలో చేపలు పట్టరు, మేత వేస్తారు. శివరాత్రికి జాతర. శృంగేరిలో తుంగ ఒడ్డున కూడా ఇదే ఆచారం. భక్తితో మొదలైనా, ఇలాంటి మడుగు నదికి విత్తనాల కొట్టులా పనిచేస్తుంది. వేసవిలో మిగతా గుంటలు ఎండినా ఇక్కడ పెద్ద చేపలు మిగిలి, కొత్తనీటికి పైకీ కిందికీ పాకుతాయి.

చట్టం కూడా పాతదే. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా చేసిన ఫ్రాన్సిస్ డే 1873లో మంచినీటి చేపల స్థితి మీద ఇచ్చిన నివేదికలో చిన్న కన్నుల వలలు, అడ్డుకట్టల బోన్లు, విషాల వల్ల చేప తగ్గిపోతోందని హెచ్చరించాడు. 1897 నాటి భారత మత్స్య చట్టం నీటిలో పేలుడు పదార్థం వాడటాన్ని నాలుగో సెక్షన్‌లోను, విషం కలపడాన్ని అయిదో సెక్షన్‌లోను నేరాలుగా చేసింది. అటవీ చట్టాలు మాత్రం రిజర్వు అడవిలో చేపలు పట్టడాన్నే ఆంక్షల కిందికి తెచ్చాయి. దాంతో గెడ్డను కాపాడుతూ వచ్చినవాడు, పాడుచేసినవాడు ఒకే గాట కట్టబడ్డారు.

2006 అటవీ హక్కుల చట్టం దీన్ని సరిదిద్దింది. దాని 3(1)(డి) ప్రకారం నీటివనరుల్లోని చేపల మీద అడవి సముదాయానికి హక్కు ఉంది. అయిదో సెక్షన్ ప్రకారం నీటి ఊటలను, పరివాహకాలను కాపాడే అధికారం గ్రామసభది. గెడ్డలో బ్లీచింగ్ పౌడరు వేయరాదని గ్రామసభ తీర్మానిస్తే, ఆ తీర్మానం అమలయ్యేలా చూడటం ఈ చట్టం ఇచ్చిన అధికారంలో భాగమే.