చివరి మనిషి చేరేదాకా: దూరపు నడక పందేల చరిత్ర

పందెం అనగానే మనకు ముందు గుర్తొచ్చేది పరుగు. బడి ఆటల పోటీల్లో నూరు మీటర్ల పరుగు ఎవరు గెలిచారో ఇన్నేళ్ల తర్వాత కూడా తడుముకోకుండా చెప్పే పాత విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. నడక పందెం అంటే మాత్రం చాలామంది నవ్వుతారు. నడకలో పందెమేమిటి? అందులోనూ స్నేహితులతో, ఇంటిల్లిపాదితో కబుర్లు చెప్పుకుంటూ నడిస్తే గెలిచేది ఎవరు? ఈ ప్రశ్నకు రెండు వందల ఏళ్లలో జవాబు మారుతూ వచ్చింది. ఆ మార్పు తెలుసుకోదగ్గది.

ఒక్కడు నడిస్తే ఊరంతా చూసిన కాలం

1809 జూన్ 1న ఇంగ్లండులోని న్యూమార్కెట్‌లో కెప్టెన్ బార్క్‌లే అనే స్కాట్లండు పెద్దమనిషి నడక మొదలుపెట్టాడు. పందెం వెయ్యి గినీలు. షరతు ఒక్కటే: గంటకు ఒక మైలు చొప్పున వెయ్యి గంటల్లో వెయ్యి మైళ్లు నడవాలి. వినడానికి ఇది సులువుగానే ఉంటుంది. గంటలో ఒక్క మైలు ఎవరు నడవలేరు? కానీ రాత్రీ పగలూ ఏ గంటా వదలకూడదు. అసలు పరీక్ష కాళ్లకు కాదు, నిద్రకు. ఒక గంట చివర ఒక మైలు, వెంటనే తర్వాతి గంట మొదట్లో ఇంకో మైలు నడిచి, మధ్యలో దొరికిన గంటన్నరలోనే కునుకు తీస్తూ ఆరు వారాలు నెట్టుకొచ్చాడు. జూలై 12న పందెం గెలిచాడు.

అమెరికాలో ఈ పిచ్చిని పెంచినవాడు ఎడ్వర్డ్ పేసన్ వెస్టన్. లింకన్ ఎన్నిక మీద పందెం కాసి ఓడి, 1861లో బోస్టన్ నుంచి వాషింగ్టన్‌కు నడిచాడు. ప్రమాణస్వీకారానికి కొన్ని గంటలు ఆలస్యంగా చేరాడు గానీ, పేరు మాత్రం దేశమంతా పాకింది. 1867లో మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నుంచి షికాగో వరకు 26 రోజుల్లో నడిచాడు. ఆ తర్వాత లండన్ అగ్రికల్చరల్ హాల్‌లో, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆరు రోజుల పందేలు సాగాయి. ఆదివారం వినోదాలు కూడవు కాబట్టి సరిగ్గా ఆరు రోజులు. టికెట్టు కొని వేలమంది వచ్చేవారు, బ్యాండు మోగేది, డబ్బు చేతులు మారేది. ఆడవాళ్లు కూడా వెనకబడలేదు. 1878 డిసెంబరులో బ్రూక్లిన్‌లో ఏడా ఆండర్సన్ పావుగంటకు పావు మైలు చొప్పున 2,700 పావు మైళ్లకు నడక మొదలుపెట్టి, జనవరిలో పూర్తి చేసింది.

సైకిలు పందేలు రాగానే ఆ జనమంతా అటు మళ్లారు. ఆ నడకల్లో నడిచేవాడు ఒంటరి, మిగతావాళ్లు ప్రేక్షకులు. చూసేవాళ్లకు కొత్త వేడుక దొరకగానే పాత వేడుక చప్పబడింది. వేగంగా నడవడం ఒక క్రీడగా మాత్రం మిగిలింది. 1908 లండన్ ఒలింపిక్స్‌లో నడకకు ప్రత్యేక పోటీలు పెట్టారు. ఒక పాదమైనా ఎప్పుడూ నేల మీద ఉండాలన్నది అందులో మూల సూత్రం. అది నిపుణుల దారి. మామూలు మనుషుల దారి వేరే చోట తెరుచుకుంది.

ప్రథమ స్థానం లేని పోటీ

1909లో నెదర్లాండ్స్‌లో నాలుగు రోజుల నడక మొదలైంది. తొలినాళ్లలో నడిచినవాళ్లు ఎక్కువగా సైనికులే. తర్వాత నైమేగన్ పట్టణం దానికి స్థిరమైన చోటైంది. ఇప్పుడు ప్రతి జూలైలో నలభై వేలకు పైగా మనుషులు, అందులో తాతలూ మనవలూ, భార్యాభర్తలూ, ఆఫీసు స్నేహితులూ, రోజుకు 30, 40 లేదా 50 కిలోమీటర్ల చొప్పున వరసగా నాలుగు రోజులు నడుస్తారు. ఏ రోజు దూరం ఆ రోజు, పెట్టిన గడువులో పూర్తి చేయాలి. అంతే. మొదట ఎవరు వచ్చారన్న లెక్కే లేదు. పూర్తి చేసిన అందరికీ ఒకే శిలువ పతకం. సైనికులు దాన్ని యూనిఫారం మీద పెట్టుకోవచ్చు. చివరి రోజు దారి పొడవునా జనం నిలబడి గ్లాడియోలస్ పూలు చేతికిస్తారు.

అదే దేశంలో బడిపిల్లలకు సాయంత్రపు నడక ఉంది. నాలుగు సాయంత్రాలు, రోజుకు 5 లేదా 10 కిలోమీటర్లు, అమ్మానాన్నలతో, టీచర్లతో. నడక అలవాటు అక్కడ బడిలోనే మొదలవుతుందన్నమాట.

ఈ చరిత్రలో ఒక చేదు ఏడాది కూడా ఉంది. 2006లో మొదటి రోజే ఎండ దెబ్బకు ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. నిర్వాహకులు మిగిలిన మూడు రోజుల నడకను రద్దు చేశారు. మన ఎండలు తెలిసినవాళ్లం మనం ఈ సంగతి మరీ గుర్తుపెట్టుకోవాలి. ఎంత సరదా నడకైనా నీళ్లు, నీడ, ఆపేసే ధైర్యం ఉండాలి.

నలుగురూ కలిసి చేరాలి

1981లో హాంకాంగ్‌లో గూర్ఖా సైనికులు తమ శిక్షణలో భాగంగా మాక్లెహోస్ ట్రెయిల్ అనే నూరు కిలోమీటర్ల కొండదారి మీద ఒక నడక పెట్టుకున్నారు. 1986 నుంచి ఆక్స్‌ఫామ్ సంస్థతో కలిసి దాన్ని పౌరులకూ తెరిచారు. అదే ట్రెయిల్‌వాకర్. జట్టుకు నలుగురు, గడువు 48 గంటలు, పోగైన విరాళం పేదల పనులకు. 2012లో ఇది బెంగళూరుకూ వచ్చింది.

ఇందులోని కిటుకంతా ఒక్క నియమంలో ఉంది. నలుగురూ కలిసి బయలుదేరి, కలిసి చేరాలి. జట్టులో ఒకడు గుర్రంలా నడిచినా లాభం లేదు. జట్టు వేగం అంటే జట్టులో అందరికంటే నెమ్మదైనవాడి వేగమే. అర్ధరాత్రి అరవయ్యో కిలోమీటరు దగ్గర ఒకరి పాదం బొబ్బలెక్కితే, మిగతా ముగ్గురి పని ముందుకు ఉరకడం కాదు, కూర్చుని మేజోడు మార్పించడం. నడవని ఇంటివాళ్లకూ ఇందులో పాత్ర ఉంది. మజిలీల దగ్గర వేడి తిండి, పొడి బట్టలు పట్టుకుని ఎదురుచూసే సహాయ బృందం వాళ్లే. బార్క్‌లే నాటి ప్రేక్షకుడు ఇక్కడ తోడునీడ అయ్యాడు.

మారథాన్‌లలోనూ ఈ గాలి వీచింది. 1973లో మొదలైన హొనొలులు మారథాన్‌కు గడువు లేదు. 42.195 కిలోమీటర్లు నడిచి వచ్చే చివరి వాళ్ల కోసం కూడా ముగింపు గీత తెరిచే ఉంటుంది.

మన దారులు

ఇదంతా ఎక్కడిదో కథ అనుకోనక్కర్లేదు. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు సింహాచలం తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరే గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. అడవివరం, హనుమంతవాక, అప్పూఘర్ మీదుగా రాత్రంతా నడక. దారిలో మజ్జిగ, మంచినీళ్లు ఇచ్చేవాళ్లు ఎవరో, పుచ్చుకునేవాళ్లు ఎవరో. అది పందెం కాదు, భక్తి. కానీ అత్త కాలు నొప్పి అంటే ఇల్లంతా ఆగి, అరుగు మీద కూర్చుని, మళ్లీ లేచి నడిచే పద్ధతి ట్రెయిల్‌వాకర్ నియమం కంటే పాతది. నలుగురితో నారాయణా, గుంపులో గోవిందా అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఇప్పుడు హైదరాబాదు, విశాఖ వంటి నగరాల్లో ఏటా మారథాన్‌లు జరుగుతున్నాయి. వాటిలో నడవాలనుకునేవాళ్లు ఒక లెక్క చూసుకోవాలి. గంటకు 5 కిలోమీటర్ల మంచి నడకతో 10 కిలోమీటర్లకు రెండు గంటలు, సగం మారథాన్‌కు నాలుగుంపావు గంటలు పడుతుంది. చాలా పోటీల గడువు పరిగెత్తేవాళ్లను చూసి పెట్టిందే. గడువు తెలుసుకునే పేరు ఇవ్వాలి. జట్టులో నెమ్మదైనవారి నడకతో ముందే రెండు మూడు సార్లు దూరం కొలిచి చూసుకోవాలి.

మన సంఘానికి ఇందులో పనికొచ్చేది ఒకటుంది. కలయికలకు రానివాళ్లలో కొందరు ఊళ్లో లేక రారు. కొందరు మోకాళ్ల నొప్పులతో, ఇంకొందరు తాము వెనకబడ్డామన్న సంకోచంతో రారు. బడిలో అందరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం గానీ, తర్వాత ఎవరి నడక వారిదైంది. స్వర్ణోత్సవం తర్వాత ఏడాదికోసారి చలికాలం ఉదయం, పిల్లలతో, మనవలతో కలిసి పది కిలోమీటర్లు నడిచే ఏర్పాటు చేసుకుందాం. పతకాలు అక్కర్లేదు. నియమం ఒక్కటే పెట్టుకుందాం: ముందు చేరినవాళ్లు టిఫినుకు కూర్చోకూడదు, చివరి మనిషి చేరేదాకా.