ధనుర్మాసం ఎందుకు పొట్టిది?
సూర్యసిద్ధాంతం లెక్కన ధనుర్మాసం సుమారు 29 రోజుల 8 గంటలు, మిథునమాసం 31 రోజుల 15 గంటలు. ఇది గణకుల పొరపాటు కాదు. సూర్యుడి నడక ఏడాదంతా ఒకేలా ఉండదని గమనించి, ‘మందోచ్చ’ పేరుతో పట్టిన లెక్క. ఇందులో గ్రీకు ఛాయ ఉందని చరిత్రకారులు అంటారు. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలోనే హిప్పార్కస్ వసంతానికి 94½ రోజులు, గ్రీష్మానికి 92½ రోజులు ఇచ్చాడు. ఛాయ ఉంటే ఉండనీ, దాన్ని సంక్రాంతికి ముడిపెట్టి నిలబెట్టింది మన పంచాంగమే. అసలు కారణం 1609లో కెప్లర్ చెప్పాడు: భూమి సూర్యుడికి దగ్గరైనకొద్దీ వేగం పుంజుకుంటుంది. ఆ సామీప్యం ఇప్పుడు జనవరి మొదటివారంలో.

మరి దగ్గరైతే భోగిమంటలెందుకు? దూరం 15.21 కోట్ల కిలోమీటర్ల నుంచి 14.71 కోట్లకు తగ్గినా, అందే వేడి 7 శాతమే పెరుగుతుంది, 23.4 డిగ్రీల అక్షం వాలు ముందు అదెంత? దూరమే ఋతువుల్ని శాసిస్తే జనవరిలో విజయవాడా సిడ్నీ రెండూ మండాలి. మండేది సిడ్నీయే.