ఎండసీమకు వచ్చిన పట్టభద్రులు

పట్టము చేతికందిన యువకుడు ఏ నగరమున స్థిరపడవలెనని యోచించునప్పుడు, జీతమును, ఇంటి అద్దెను, స్నేహితుల సాంగత్యమును లెక్కించుటతో తృప్తిపడక, అచ్చటి గాలిని వెలుతురును గూడ విచారించుట నేటి పరిపాటి. నెలల తరబడి ముసురు వీడని శీతలదేశముల యువజనులు ఎండ కాయు నగరములను వెదకికొని పోవుచున్నారని మనము వినుచునే యున్నాము. మన తెలుగునాట ఎండకు కొదువ లేదు గనుక ఇట్టి యోచన మనకు కొత్తగా తోచవచ్చును. కాని పచ్చని తీరమును విడిచి ఎండసీమకు తరలివచ్చి, అచ్చటనే తమ జీవితకృషిని పండించుకొన్న విద్యావంతులు మన చరిత్రలోనూ కలరు. వారు చేరిన ఊరు అనంతపురము.

ఈ పీఠభూమి ఎండకు కారణము ప్రకృతి చేసిన ఒక విచిత్రమైన అమరిక. నైరృతి ఋతుపవనము మోసికొనివచ్చు మేఘములు పడమటి కనుమల ఆవలి వాలుననే చాలవరకు వర్షించి, ఈవలికి వట్టి గాలులై వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమున కురిసి కురిసి, ఇంత దూరము లోపలికి వచ్చునప్పటికి బలము తప్పియుండును. రెండు వానలకు నడుమనున్నను రెంటికిని ఎడమైన ఈ నేలకు ఏడాదికి దక్కు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పెద్దల నోట ధాతకరవుగా నిలిచిపోయిన 1876-78 నాటి మహాక్షామము ఈ సీమను ఎట్లు ఊచకోత కోసినదో తలచుకొన్నచో, ఇచ్చటి ఎండను అందమైన వస్తువుగా వర్ణించుటకు మనసొప్పదు.

అయినను ఆ ఎండలో బ్రతుకనేర్చిన జనుల నేర్పును గమనింపకుండుట అన్యాయము. ఆ రోజులలో కోస్తానుండి వచ్చిన వానికి మొట్టమొదట కంటబడుచుండినది ఇంటి కప్పు. అచ్చట వాన జారిపోవుటకై ఏటవాలుగా దించిన తాటాకు కప్పులును పెంకుటిండ్లును ఉండగా, ఇచ్చట గోడలమీద దూలములెత్తి, వానిపై దంతెలు పేర్చి, మట్టి మెత్తి, ఆపైన చవుడు పోసి తొక్కించిన చదునైన మిద్దెలు వీధి పొడుగునను కనబడుచుండెను. వానకాలమునకు ముందు మిద్దెమీద కొత్త చవుడు వేయుట ఇంటి యజమాని యేటేట చేయవలసిన పనిగా నుండెను. తడిసిన చవుడు బిగిసికొని నీటిని లోనికి దిగనీయదు. పగలు నిప్పులు చెరిగిన ఆకాశమే నడిరేయి దాటునప్పటికి చల్లని పొడిగాలిని పంపగా, వేసవిలో ఇల్లిల్లును మిద్దె నెక్కి నిద్రించుచుండెను. తీరపు ఉక్కలో చెమటలు కక్కిన వానికి ఆ రాత్రులు గొప్ప వరముగా తోచినవనుటలో ఆశ్చర్యము లేదు.

1800 సంవత్సరమున నిజాము అనంతపురముతో కూడిన ఈ మండలములను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తము చేసిన పిమ్మట వీనికి దత్తమండలములను పేరు వచ్చినది. 1807 వరకు ఇచ్చట ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, మేడలలో కూర్చుండక గుడారములతో ఊరూర తిరిగి భూముల పైమాషీ జరిపించెను. ఆయన మద్రాసు గవర్నరై, 1827లో మరల ఈ సీమ పర్యటనకు వచ్చి, పత్తికొండ వద్ద కలరా సోకి మరణింపగా గుత్తికోట దిగువన ఖననము చేసిరి. కొన్నియేండ్లకు ఆ యస్థికలు మద్రాసునకు తరలినవి. బళ్లారినుండి విడివడి అనంతపురము ప్రత్యేక జిల్లాయైనది 1882లో. కచేరీలు వచ్చినవి, రైలు వచ్చినది. పట్టమునొసగు కళాశాల మాత్రము రాలేదు.

ఆ లోపమెంత నష్టము తెచ్చెనో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి జీవితమే చెప్పును. 1893లో ఈ జిల్లాలోని రాళ్లపల్లిలో పుట్టిన ఆయన, బాల్యముననే మైసూరు చేరి పరకాల మఠమున సంస్కృతము నేర్చి, పందొమ్మిదేండ్ల ప్రాయమున, 1912లో, కట్టమంచి రామలింగారెడ్డిగారి ఆదరముతో మహారాజా కళాశాలలో తెలుగు పండితులై, ముప్పదియేడేండ్లు అచ్చటనే బోధించిరి. తరువాతి కాలమున తిరుపతిలో అన్నమాచార్యుని కీర్తనలను స్వరపరచిన ఆ మహనీయుని యౌవనమంతయు మైసూరునకు దక్కినది. అందుకు మైసూరును అభినందింపవలెను గాని ఆక్షేపింపరాదు. చల్లని ఉద్యానములుండుట చేత మాత్రమే ఆ నగరము ఆయనను నిలుపుకొనలేదు. ఆయన విద్యకు అచ్చట ఒక పీఠముండెను.

ఆయన మైసూరు కళాశాలలో చేరిన నాలుగేండ్ల పిమ్మట, 1916లో, మద్రాసు ప్రభుత్వము అనంతపురమున దత్తమండల కళాశాలను నెలకొల్పెను. అంతవరకు పట్టము కోరి మద్రాసు దారి పట్టుచుండిన సీమ బాలురకు చదువు చేరువయైనది. అంతకంటె విశేషమేమనగా, వలస దిశయే మారినది. చదివినవారు పోవుటయే గాని వచ్చుట యెరుగని ఊరికి, సర్కారు జిల్లాల పట్టభద్రులు అధ్యాపకులై రాసాగిరి. పిమ్మట భారత రాష్ట్రపతియైన నీలం సంజీవరెడ్డిగారు విద్యార్థిగా చేరినదియు, స్వాతంత్ర్యోద్యమమునకై 1931లో విడిచిపోయినదియు ఈ కళాశాలనే.

అట్లు వచ్చినవారిలో నా మనస్సు మాటిమాటికిని చిలుకూరి నారాయణరావుగారి మీదికి పోవుచుండును. ఆయన శ్రీకాకుళపు సీమవారు. అనంతపురమునకంటె ఇంచుమించు రెండింతలు వర్షము కురియు పచ్చని దేశము అది. అట్టి చోటినుండి, తెలుగునాటి ఒక కొసనుండి మరియొక కొసకు వచ్చిన ఈ పండితుడు, బదిలీ కాగితము కొరకు ఎదురుచూచుచు దినములు గడపలేదు. తెలుగు ప్రాకృతజన్యమను తన వాదమును నిరూపింపబూని రచించిన ఆంధ్రభాషా చరిత్రము, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1937లో ప్రకటించిన ఆ బృహద్గ్రంథము, ఈ ఊరి కళాశాలలో ఉపన్యాసకుడైయుండగా ఆయన చేసిన పరిశ్రమకు ఫలము. ఆ సిద్ధాంతమును నేటి భాషావేత్తలు అంగీకరింపరు. ద్రావిడభాషా కుటుంబవాదమే నిలిచినది. అయినను ఆ గ్రంథమున పోగుపడిన సామగ్రిని చూచి నమస్కరింపని పరిశోధకుడుండడు. ఖురానును తెనిగించిన వారును ఈయనయే.

1928 నవంబరులో నంద్యాలయందు ఆంధ్రమహాసభ జరిగినప్పుడు, దత్తమండలముల ప్రతినిధులు వేరుగ సమావేశమైరి. పరులకు ఇచ్చివేయబడిన నేల యను అవమానము ఆ పాతపేరునందు గూడుకట్టుకొనియున్నదని అందరికిని తెలియును. విజయనగర ప్రభువులను స్మరింపజేయు రాయలసీమ యను పేరును సూచించినవారు నారాయణరావుగారు. చిరకాలము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి పేర చెల్లుచు వచ్చిన ఈ గౌరవము, నాటి సభల వివరములు వెలికివచ్చిన పిమ్మట ఈయనకు దక్కినది. ఈ సీమ మట్టిలో పుట్టనివాడు, ఉద్యోగార్థియై వచ్చినవాడు, ఇచ్చటివారి అవమానమును తన అవమానముగా భావించెను. 1926 నుండియే పప్పూరి రామాచార్యులుగారు అనంతపురమునుండి నడపుచుండిన శ్రీసాధన పత్రిక వంటివి సీమవాసుల గోడును వినిపించుచుండగా, అట్టి వాతావరణమున ఒక పరదేశి పట్టభద్రుడు స్వదేశియగుటకు ఎక్కువ కాలము పట్టలేదు.

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగ్ గృహమున కోస్తా, సీమ నాయకుల నడుమ కుదిరిన ఒడంబడికలో, విశ్వవిద్యాలయమునకు వాల్తేరుతోపాటు అనంతపురమునను ఒక కేంద్రముండవలెనను అంశము కలదు. నదీజలములలో ముందువంతు కోరిన నాయకులే విద్యాకేంద్రమును గూడ కోరిరనగా, నీటి కరవును చదువు కరవును వారు ఒక్కటిగనే చూచిరన్నమాట. ఆ కోరిక నెరవేరుటకు చాల కాలము పట్టినది. 1968లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రము వచ్చి, 1981లో అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైనది. ఈ నడుమ మరియొక శుభము జరిగినది: 1946లో మద్రాసు గిండీ ఆవరణలో ఆరంభమైన ఇంజనీరింగు కళాశాలను 1948లో అనంతపురమునకు తరలించిరి. సముద్రపుగాలికి అలవడిన విద్యార్థులు పుస్తకములతో, పెట్టెలతో ఎర్రమట్టి నేలమీద దిగి, రాగిసంగటిని, శెనక్కాయల ఊరుబిండిని రుచి చూచిన కాలమది. నేటి అనంతపురపు జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు మూలము ఆ కళాశాలయే.

విద్యకై గాక సేవకై ఈ ఎండను వరించినవారును కలరు. మహారాష్ట్రమునుండి వెడలగొట్టబడిన స్పెయిను దేశీయుడు విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురము చేరి గ్రామీణాభివృద్ధి సంస్థను స్థాపించి, 2009లో కన్నుమూయు వరకు ఈ జిల్లాను వీడలేదు. పత్రికారచనను విడిచి ఆయన వెంట వచ్చిన ఆంగ్లయువతి యాన్, తరువాత ఆయన సహధర్మచారిణియై, నేడును ఆ పనిలోనే యున్నారు.

నేడు ఈ సీమ పట్టభద్రులు బెంగుళూరు రైలెక్కుచున్నారు. వారిని నిందించుట నాకిష్టము లేదు. రాళ్లపల్లివారి వలెనే వారును తమ విద్యకు పీఠమున్న చోటికి పోవుచున్నారు. కాని ఒక కొత్త సంగతి జరిగినది. పూర్వపు అనంతపురము జిల్లాలోని నంబులపూలకుంట యందు 2016 నుండి సూర్యరశ్మితో విద్యుత్తు పండించుచున్నారు. పంటను మాడ్చిన ఎండకే ధర పలుకుచున్నది. ఆ విద్యుత్తునొసగు సౌరఫలకములపై దుమ్ము పేరుకొన్నచో విద్యుత్తు తగ్గును. కడుగుటకు నీరు కావలెను. నీరే ఇచ్చట లేనిది. నీరు లేకయే దుమ్ము తొలగించు ఉపాయమును, ఫలకముల నీడలో మేతయో పంటయో పెంచు విధమును శోధింపదగిన ప్రయోగశాల అనంతపురమున గాక మరెచ్చట నుండవలెను? విశ్వవిద్యాలయములున్న ఈ ఊరిలో అట్టి పరిశోధనకు పెద్దయెత్తున వసతి కల్పించుట ప్రభుత్వము వెంటనే చేయవలసిన పని.