అశ్వక్రిమిచికిత్స - నిదానపరివర్జనము

క్రిమిశబ్దమును నిర్వచించుచు యాస్కుఁడు, మాంసమున బలియునదియనియుఁ, బ్రాఁకునదియనియు నర్థములు చెప్పెను. గుఱ్ఱపు కడుపులోని క్రిమికి నీ రెండర్థములును దగియున్నవి.

శాలిహోత్రుని పేర వెలసిన హయశాస్త్రపరంపరలో జయదత్తుని యశ్వవైద్యకము ప్రసిద్ధము. తెలుఁగున మనుమంచి భట్టు హయలక్షణము రచించెను. వాయువిడంగములకు 'క్రిమిఘ్నము' పర్యాయమని యమరకోశము పఠించిన బాలురందఱు నెఱుఁగుదురు. మనుష్యుల విషయమునఁ జరకసంహిత విమానస్థానము క్రిమిచికిత్సను మూఁడు విధములుగా విభజించినది: కనఁబడు క్రిములను వెలికిఁ దీయుట యపకర్షణము, వానికి సరిపడని కటుతిక్తాది ద్రవ్యముల నొసఁగుట ప్రకృతివిఘాతము, పుట్టుకకుఁ గారణమైనదానిని మానుట నిదానపరివర్జనము.

ఇటీవలి యశ్వవైద్యచరిత్ర యీ మూఁడింట రెండవదానినే నమ్ముకొన్నవారి కథ. 1961లో థయాబెండజోలు వెలువడెను. 1966లో నమెరికాలోని డ్రడ్జి, లయన్సు అను పరిశోధకులు ఆఱెనిమిది వారముల కొకమాఱు మందీయవలెనని యుపదేశించిరి. నాఁటి ముఖ్యశత్రువు స్ట్రాంగైలస్ వల్గారిస్. దాని పిల్లలు ప్రేవులకు నెత్తురు గొనిపోవు ధమనిలోఁ జేరి, రక్తమును గడ్డకట్టించి, ప్రాణాంతకమగు శూలను గలిగించును. ఆ పద్ధతిచే నది మిక్కిలి తగ్గెను, గుఱ్ఱములు బ్రదికెను. కాని చిన్న స్ట్రాంగైలు జాతులలో మందునకు లొంగనివి మిగిలి, వాని సంతతియే వృద్ధిపొందెను. 1980 తరువాత వ్యాపించిన ఐవర్‌మెక్టినునకుఁగూడఁ బిల్లగుఱ్ఱములలోని పారాస్కారిసు పలుదేశములందు లొంగకున్నది.

కావున నేఁటి వైద్యులు పేడలోని గ్రుడ్లను సూక్ష్మదర్శనిచే లెక్కించి, యెక్కువ విడుచు గుఱ్ఱములకే ముఖ్యముగా మందిచ్చుచున్నారు. మందలోని గ్రుడ్లలో నధికభాగము కొలఁది గుఱ్ఱములవలననే కలుగును. పేడలోఁ బొదిగిన పిల్లలు పచ్చికపైకిఁ బ్రాఁకును. దానిని మేయుటచేతనే గుఱ్ఱము కడుపుఁ జేరును. వారమునకు రెండుమాఱులు బీటినుండి పేడ నెత్తివేసినచో నీ త్రోవ చాలవఱకు మూసికొనును. ఇదియే నిదానపరివర్జనము.

అట్లని మనవా రంతయు నెఱిఁగిరనుట తగదు. చరకము నిదానములుగాఁ జెప్పినవి పాలు, బెల్లము, నువ్వులు, మత్స్యము మున్నగునవి. కంటికందని గ్రుడ్డు వారికిఁ దెలియదు. వస్తుజ్ఞానము నేఁటిది, విభాగము నాఁటిది. మందొక్కటియే చాలదను నా విభాగమును మఱచుటచే మంచి మందులు చెడినవి. ఉన్న కొలఁది మందులైనను మిగులవలయునన్న, మందుబుడ్డికంటె ముందు పేడగంప నెత్తవలయును.