వేదిక యజమాని, స్వతంత్ర రూపకర్త: వాట్సన్ ఉదంతం

1. పరిచయం

కంప్యూటర్ల చరిత్రను సాధారణంగా పెద్ద సంస్థల చరిత్రగానే చదువుతాం. అయితే ఆ యంత్రాలను ప్రజలకు ఉపయోగపడేలా చేసినవారిలో చిన్న సంస్థలు నడుపుకొనే ప్రోగ్రామర్లూ ఉన్నారు. వీరిని స్వతంత్ర సాఫ్ట్‌వేర్ రూపకర్తలు అంటారు. డెస్క్‌టాప్ వేదిక, అంటే యంత్రం, దాని ఆపరేటింగ్ సిస్టమ్ కలిసిన వ్యవస్థ, వీరికి ఎలా కనిపించింది? మాకింతోష్ చరిత్రలోని ఒక ఉదంతం ఆధారంగా పరిశీలిద్దాం.

2. షెర్లాక్, వాట్సన్

1998లో ఆపిల్ సంస్థ మాక్ ఓఎస్ 8.5లో షెర్లాక్ అనే సాధనాన్ని చేర్చింది. కంప్యూటర్‌లోని ఫైళ్లను, ఇంటర్నెట్‌లోని సమాచారాన్ని వెతకడం దాని పని. 2001లో అమెరికాకు చెందిన కరేలియా అనే చిన్న సంస్థ ద్వారా డాన్ వుడ్ వాట్సన్ అనే ప్రోగ్రామును విడుదల చేశాడు. సినిమా వేళలు, షేర్ల ధరలు, ఫోన్ నంబర్లు వంటి వాటిని బ్రౌజర్ తెరవకుండానే ఇది చూపించేది. డిటెక్టివ్ కథల్లో షెర్లాక్ హోమ్స్‌కు వాట్సన్ సహచరుడు. ఆపిల్ సాధనానికి తోడుగా నిలవాలన్న భావం ఆ పేరులోనే ధ్వనిస్తుంది.

2002లో ఆపిల్ వాట్సన్‌కు తన డిజైన్ అవార్డు ఇచ్చింది. అదే సంవత్సరం ఆగస్టులో మాక్ ఓఎస్ ఎక్స్ 10.2తో షెర్లాక్ 3 వచ్చింది. వాట్సన్ చేసే పనుల్లో చాలావాటిని అది అదనపు ధర లేకుండా చేసిపెట్టింది. వాట్సన్‌ను మాత్రం డబ్బు పెట్టి కొనుక్కోవాలి. 2004లో దాని అమ్మకాలు ఆగిపోయాయి.

3. రెండు దృష్టికోణాలు

ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ తనకు ఫోన్ చేశాడని వుడ్ చెప్పాడు. కరేలియా రైలు పట్టాలపై చేత్తో నడిపే ట్రాలీ వంటిదని, ఆపిల్ ఆ పట్టాలకే యజమాని అయిన రైలు వంటిదని జాబ్స్ పోల్చాడట. ఇది ఒక పక్షం చెప్పిన సాక్ష్యం అని చరిత్ర విద్యార్థులు గమనించాలి. షెర్లాక్ మొదటి నుంచీ ఆపిల్ సొంత సాధనమే. దానికి కొత్త సౌకర్యాలు చేర్చడం వినియోగదారుకు మేలేనన్న వాదనను కూడా తోసిపుచ్చలేం. కాని రూపకర్త వైపు నుంచి చూస్తే, తనకు బతుకుతెరువు ఇచ్చిన వేదికే తనకు పోటీదారు అయింది. ఇటువంటి పరిణామాన్ని రూపకర్తలు ఇప్పటికీ 'షెర్లాక్ చేయడం' అనే అంటారు.

4. వేదికను వీడని రూపకర్త

ఇంత జరిగినా కరేలియా మాక్‌ను వదలలేదు. వెబ్‌సైట్లు తయారుచేసే సాండ్‌వాక్స్ అనే ప్రోగ్రామును మాక్ కోసమే రూపొందించింది. 2006లో ఆపిల్ కూడా అదే పనికి ఐవెబ్‌ను తెచ్చింది. అయితే ఈసారి ఆపిల్ ఐవెబ్‌ను నిలిపివేసిన తరువాత కూడా సాండ్‌వాక్స్ కొనసాగింది.

5. సారాంశం

స్వతంత్ర రూపకర్తకు వేదికపై ఉండేది కేవలం అభిమానమో, కేవలం ఆగ్రహమో కాదు. అది పరుల భూమిలో సేద్యం చేసే కౌలుదారు పరిస్థితి వంటిది. పంట తనదే, నేల తనది కాదు. అందువల్ల ఒక వేదిక చరిత్రను రాసేటప్పుడు యజమాని ప్రకటనలతో పాటు ఈ కౌలుదార్ల అనుభవాలను కూడా ఆధారాలుగా స్వీకరించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

వాట్సన్ ఉదంతంలో రెండు పక్షాల వాదనలను వివరించి, డాన్ వుడ్ సాక్ష్యాన్ని చారిత్రక ఆధారంగా ఎంతవరకు స్వీకరించవచ్చో చర్చించండి.